బుకింగ్ సైటుకు అమూర్త మోడల్ అవసరమా, ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు మీ ప్రశ్నను నా మాటల్లో చెబుతాను. విశాఖ మధురవాడలో మీరు నలుగురు కలిసి అరకు, అనంతగిరి కాటేజీలకు బుకింగ్ సైటు నడుపుతున్నారు. కోడ్‌కు రాసిన పరీక్షలన్నీ పాసవుతున్నాయి. అయినా డిసెంబరు రద్దీలో ఒకే గది ఒకే రాత్రికి రెండు కుటుంబాలకు ఖరారైంది. మరొకరు ఒక కాటేజీకి డబ్బు కడితే ఇంకో కాటేజీ రసీదు వచ్చింది. అమూర్త మోడలింగ్, అంటే సైటు ఎలా నడవాలో ముఖ్యమైన అంశాలతోనే చిన్న నమూనాగా రాసి సరిచూడటం, చేసి చూడమని ఎవరో సలహా ఇచ్చారు. అది రాకెట్లకూ రైల్వే సిగ్నళ్లకూ పనికొచ్చే గణితం కదా, మా సైటుకు దానితో ఏం పని, ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. గది పట్టి ఉంచే గడువును 10 నిమిషాల నుంచి 30కి పెంచితే సరిపోదా అని కూడా అడిగారు.

పని ఉంది. మీరు చెప్పిన రెండు తప్పులూ చిన్న మోడల్‌కే దొరికిపోయే రకం. రుషికొండ వైపు ఆఫీసుల్లో చాలాకాలం బుకింగ్, చెల్లింపు వ్యవస్థల మీద పనిచేసినవాడిగా చెబుతున్నాను. ఘాట్ రోడ్డు ఎక్కి, చలిలో, పిల్లలతో కాటేజీ గుమ్మం ముందు నిలబడ్డ కుటుంబానికి గది లేదని చెప్పవలసిన పరిస్థితిని కోడ్ రాయకముందే తప్పించే మార్గం ఉన్నప్పుడు దాన్ని వదులుకోకూడదు.

పరీక్షలు ఎందుకు పట్టుకోలేదో ముందు చూద్దాం. ఒక అతిథి చేసే పనిని నాలుగు అడుగులుగా అనుకోండి: గది చూడటం, పట్టి ఉంచడం, డబ్బు కట్టడం, ఖరారు కావడం. ఇద్దరు అతిథులు ఒకేసారి వస్తే ఆ ఎనిమిది అడుగులు ఒకదానిలో ఒకటి కలిసే వరసలు 70. ముగ్గురు వస్తే 34,650. గడువు తీరడం, పేజీ మళ్లీ తెరవడం, బ్యాంకు సందేశం ఆలస్యం కావడం వంటివి ఇంకా కలపనే లేదు. మీ పరీక్షలు వీటిలో మీకు తోచిన కొన్ని వరసల్లో మాత్రమే నడుస్తాయి. గది ఇద్దరికి వెళ్లే వరస ఎవరికీ తోచదు, తోచి ఉంటే కోడ్‌లోనే దాన్ని అడ్డుకునేవారు. మోడల్ చెకర్, అంటే మోడల్‌ను తనంతట తాను సరిచూసే ప్రోగ్రాము, మాత్రం మీరు ఇచ్చిన పరిమితిలో ఉన్న వరసలన్నిటినీ వెతుకుతుంది.

వెబ్‌సైటుకు ఈ ఇబ్బంది మామూలు ప్రోగ్రాముకన్నా ఎక్కువ. ఇక్కడ తర్వాతి అడుగు ఏమిటో నిర్ణయించేది మీ కోడ్ కాదు, అతిథి. వెనక్కి బటన్ నొక్కుతాడు, రెండు ట్యాబులు తెరుస్తాడు, 'చెల్లించు' మీద రెండుసార్లు నొక్కుతాడు. కొండ దారిలో సిగ్నల్ పోతే అరగంట తర్వాత అదే పేజీని కొనసాగిస్తాడు. అతని చేతిలో ఉన్న పేజీ ఒకప్పటి నిజం, మీ డేటాబేసులో ఉన్నది ఇప్పటి నిజం. ఈ రెండూ వేరుపడినప్పుడు ఏం జరగాలో చాలా సైట్లలో ఎవరూ నిర్ణయించి ఉండరు.

మీ రెండో తప్పు, అంటే వేరే కాటేజీ రసీదు రావడం, పరిశోధకులు చాలా ఏళ్ల కిందటే వివరించినది. 2003లో గ్రాంక్, ఫిండ్లర్, శ్రీరామ్ కృష్ణమూర్తి, ఫెలైసన్ రాసిన పరిశోధన పత్రంలో విమాన టికెట్ల సైటు ఒకటి ఉదాహరణగా వస్తుంది. వాడుకరి ఒక విమానం వివరాలను ఒక విండోలో, మరో విమానం వివరాలను ఇంకో విండోలో తెరుస్తాడు. రెండూ పోల్చి చూసుకుని, మొదటి విండోకు తిరిగి వెళ్లి కొనుగోలు బటన్ నొక్కుతాడు. టికెట్ రెండో విమానానికి వస్తుంది. సర్వర్ 'ప్రస్తుతం చూస్తున్న విమానం' అని సెషన్‌లో, అంటే ఆ వాడుకరి కోసం సర్వర్ గుర్తుంచుకునే సమాచారంలో, ఒకే ఒక్క విలువ దాచుకుంది, రెండో విండో దాన్ని మార్చేసింది. మీ సెషన్‌లో 'ప్రస్తుత గది' వంటిది ఉందేమో ఈరోజే చూడండి. ఉంటే, ఆ విలువ సెషన్‌లో కాకుండా పేజీలోని ఫారంలోనే బుకింగ్ సంఖ్యగా ఉండాలి. ఆ బుకింగ్ ఆ అతిథిదేనా అని సర్వర్ ప్రతిసారీ సరిచూడాలి.

ఇక మోడల్ అంటే ఏమిటి? మన విశాఖ ఓడరేవులోకి ఓడను తెచ్చే పైలట్ దగ్గర ఉండే పటంలో కొండ మీది ఇళ్ల రంగులు ఉండవు. నీటి లోతులు, కాలువ అంచులు, డాల్ఫిన్స్ నోస్ మీది దీపస్తంభం ఉంటాయి. ఓడ నేలకు తగలకుండా ఉండటానికి ఏవి కావాలో అవే. మీ మోడల్‌లోనూ ఫొటోలు, సమీక్షలు, రూపాయల లెక్క, పేజీ అందం ఏవీ ఉండవు. గది, రాత్రి, అతిథి, బుకింగ్, డబ్బు కట్టినట్టు వచ్చే సందేశం, ఇంకా బ్రౌజర్‌లో తెరిచి ఉన్న పేజీ ఉంటాయి. చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. సర్వర్‌ను మాత్రమే మోడల్ చేసి అంతా బాగుందని సంతోషిస్తారు. పేజీని విడి వస్తువుగా, దానికంటూ పాత సమాచారం మోసుకు తిరిగేదిగా రాయకపోతే అది వెబ్‌సైటు మోడల్ కాదు.

అన్నిటికన్నా ముందు, ఎన్నడూ జరగకూడనిది ఏమిటో ఒక వాక్యంలో రాయండి. 'ఒక గదికి ఒక రాత్రికి ఖరారైన బుకింగ్ ఒకటికి మించి ఉండదు.' ఇక్కడ తేదీ అనకుండా రాత్రి అనడానికి కారణం ఉంది. 24న వచ్చి 26న వెళ్లేవారు వాడేది 24, 25 రాత్రులు. 26న ఆ గదికి మరొకరు రావచ్చు. తేదీల శ్రేణులు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయా అని పోల్చే షరతుల్లో తప్పులు సులువుగా దూరుతాయి. రాత్రుల సమితి అనుకుంటే ఆ చిక్కే ఉండదు.

తర్వాత ఏయే సంఘటనలు జరగవచ్చో రాయండి. ప్రతి సంఘటనకూ అది ఎప్పుడు జరగవచ్చు, జరిగాక ఏమి మారుతుంది అన్న రెండే విషయాలు కావాలి. గది ఖాళీగా ఉంటే అతిథి పట్టి ఉంచవచ్చు. పట్టి ఉంచిన బుకింగ్‌కు చెల్లింపు మొదలుపెట్టవచ్చు. పట్టి ఉంచిన దాని గడువు ఎప్పుడైనా తీరవచ్చు. చెల్లింపు సందేశం ఎప్పుడైనా రావచ్చు. 'ఎప్పుడైనా' అన్నది కావాలనే వాడాను. మోడల్‌లో నిమిషాలు లేవు. యూపీఐ చెల్లింపు పెండింగ్‌లో పడి గంట తర్వాత విజయవంతం అయిందనుకోండి, మీ గడువు 10 నిమిషాలైనా 30 నిమిషాలైనా దాన్ని దాటి వచ్చిన సందేశమే అవుతుంది. గడువు పెంచితే తప్పు అరుదవుతుంది, పోదు. అరుదైన తప్పు మళ్లీ కనబడేది సంక్రాంతి సెలవుల్లోనే.

ఒక గది, ఒక రాత్రి, ఇద్దరు అతిథులు అని పరిమితి పెట్టి నడపండి. మీ డిజైన్ మీరు వర్ణించినట్టే ఉంటే ఎదురు ఉదాహరణ, అంటే నియమం విరిగే వరస, ఇలా వస్తుంది. మొదటి అతిథి గది పట్టి ఉంచాడు. చెల్లింపు మొదలుపెట్టాడు. గడువు తీరి గది ఖాళీ అయింది. రెండో అతిథి అదే గది పట్టి ఉంచి, డబ్బు కట్టాడు, అతనికి ఖరారైంది. అప్పుడు మొదటి అతిథి డబ్బు అందినట్టు సందేశం వచ్చింది. సర్వర్ బుకింగ్ సంఖ్య చూసి, డబ్బు అందింది కదా అని ఖరారు చేసింది. డిసెంబరులో మీకు జరిగింది బహుశా ఇదే. మీ సర్వర్ లాగుల్లో (జరిగినవాటి నమోదుల్లో) ఆ రెండు బుకింగుల సమయాలు ఈ వరసతో పోల్చి చూడండి.

వెంటనే తోచే దిద్దుబాటు ఇది: సందేశం వచ్చినప్పుడు గది ఇంకా ఆ బుకింగ్ పేరన పట్టి ఉందో లేదో చూసి, ఉంటే ఖరారు చేసి, లేకపోతే డబ్బు వాపసు చేయడం. మోడల్‌లో మార్చి నడపండి, మొదటి నియమం నిలబడుతుంది. ఇక్కడ ఆగకండి. రెండో నియమం రాయండి: 'డబ్బు తీసుకున్న ప్రతి బుకింగ్‌కూ గదో వాపసో దక్కుతుంది, రెండూ దక్కవు, వాపసు ఒక్కసారికి మించదు.' చెల్లింపు సంస్థలు తమ సందేశానికి జవాబు అందకపోతే అదే సందేశాన్ని మళ్లీ పంపుతాయి. దాన్నీ ఒక సంఘటనగా చేర్చండి. ఇప్పుడు చెకర్ మరో వరస చూపిస్తుంది. సందేశం వచ్చింది, గది ఖరారైంది, మీ జవాబు దారిలో పోయింది, అదే సందేశం మళ్లీ వచ్చింది. బుకింగ్ ఇప్పుడు 'ఖరారు' స్థితిలో ఉంది, 'పట్టి ఉంచిన' స్థితిలో లేదు. కాబట్టి మీ దిద్దుబాటు దానికి వాపసు పంపింది. అతిథికి గదీ దక్కింది, డబ్బూ తిరిగి వచ్చింది. మొదటి తప్పును సరిచేసిన వాక్యమే దీనికి కారణం. మోడల్ విలువ నాకు బాగా తెలిసేది ఇలాంటి చోటే. దిద్దుబాటును సైటులో పెట్టకముందే దాని పర్యవసానం కళ్లెదుట ఉంటుంది. ప్రతి చెల్లింపు సంఖ్యనూ ఒక్కసారే లెక్కలోకి తీసుకుని, రెండోసారి వస్తే మొదటి ఫలితాన్నే జవాబుగా ఇవ్వడం సరైన మార్గం.

ఇప్పటివరకు రాసినవి 'ఎన్నడూ జరగకూడదు' అనే నియమాలు. 'ఎప్పటికైనా జరిగి తీరాలి' అనే రకం ఇంకొకటి ఉంది. డబ్బు కట్టినవారికి ఎప్పటికైనా జవాబు రావాలి అన్నది అలాంటిది. దాన్ని రాయగానే చెకర్ ఒక వింత వరస చూపిస్తుంది: డబ్బు కట్టారు, ఆ తర్వాత ఏమీ జరగలేదు. నిజమే, సందేశం ఎప్పటికీ రాకపోవచ్చు. చెల్లింపు సంస్థ ఎప్పటికైనా సందేశం పంపుతుందని మీరు నమ్ముతుంటే ఆ నమ్మకాన్ని మోడల్‌లో రాయాలి. నమ్మకపోతే, మీరే వెళ్లి ఆ చెల్లింపు స్థితిని అడిగే పనిని డిజైన్‌లో చేర్చాలి. నా సలహా రెండోది.

ఇంత చిన్న పరిమితితో నడిపితే నమ్మవచ్చా అన్న సందేహం వస్తుంది. వంద గదులు, వేయిమంది అతిథులతో చూడాలి కదా అనిపిస్తుంది. డిజైన్ తప్పుల్లో చాలా భాగం ఇద్దరు ముగ్గురితోనే బయటపడతాయన్నది ఈ రంగంలో పనిచేసేవారు మళ్లీ మళ్లీ గమనించిన విషయం. ఎంఐటీలో డేనియల్ జాక్సన్ రూపొందించిన అల్లాయ్ అనే పరికరం ఈ ఊహ మీదే నడుస్తుంది. మీరు ప్రత్యేకంగా చెప్పకపోతే అది ఒక్కో రకానికి గరిష్ఠంగా మూడు వస్తువులే తీసుకుంటుంది. ఇది సంపూర్ణ రుజువు కాదని గుర్తుంచుకోండి. ఆ పరిమితి లోపల మాత్రం ఒక్క మూల కూడా వదలదు.

పరికరాల గురించి క్లుప్తంగా చెబుతాను. పైన వర్ణించిన సంఘటనల వరసలకు లెస్లీ లాంపోర్ట్ రూపొందించిన టీఎల్ఏ ప్లస్ అనే మోడల్ రాసే భాష, దాని చెకర్ టీఎల్‌సీ బాగా సరిపోతాయి. అమెజాన్ క్లౌడ్ ఇంజినీర్లు 2011 నుంచి దీన్ని వాడారు. 2015లో వారు ప్రచురించిన అనుభవాల్లో తమ డేటాబేసు సేవ డైనమోడీబీలో దొరికిన ఒక తప్పు ఉంది. అది బయటపడటానికి కనీసం 35 అడుగుల వరస కావాలి. డిజైన్ సమీక్షలు, కోడ్ సమీక్షలు, పరీక్షలు అన్నిటినీ దాటుకుని వచ్చిన తప్పు అది. ఎవరికి ఏమి చూసే హక్కు ఉంది వంటి సంబంధాల ప్రశ్నలకు అల్లాయ్ హాయిగా ఉంటుంది. 2021లో వచ్చిన ఆరో వెర్షన్ నుంచి అందులో కాలంతో మారే విషయాలనూ రాయవచ్చు. ఒక తెర లోపల ఏ బటన్ ఎప్పుడు పనిచేయాలి అన్నదానికి డేవిడ్ హేరెల్ 1987లో ప్రతిపాదించిన స్టేట్‌చార్టులు, అంటే స్థితులనూ వాటి మధ్య మార్పులనూ చూపే పటాలు, చాలు. టీఎల్‌సీ, అల్లాయ్ రెండూ ఉచితం, జావా ఉన్న ఏ ల్యాప్‌టాప్‌లోనైనా నడుస్తాయి. నలుగురిలో ఒకరు కూర్చుని నేర్చుకుంటే చాలు, మిగతావారికి ఎదురు ఉదాహరణలు చదవడం వస్తే సరిపోతుంది.

హక్కుల విషయం మీరు అడగలేదు, అయినా చెప్పకుండా ఉండలేను. మీరు అతిథుల ఆధార్ ప్రతులు తీసుకుంటున్నామని రాశారు. 'కాటేజీ యజమాని ఆ కాటేజీ బుకింగులన్నీ చూడవచ్చు' అని మీ నియమం. చూడటానికి న్యాయంగానే ఉంది. దీన్ని అల్లాయ్‌లో రాసి, కాటేజీ చేతులు మారవచ్చు అన్న సంఘటన చేర్చండి. 'ఒక అతిథి గుర్తింపు పత్రం, ఆ అతిథి బస చేసినప్పటి యజమానికి తప్ప మరొకరికి కనబడదు' అని సరిచూడమనండి. ఒక కాటేజీ, ఇద్దరు యజమానులు, ఒక అతిథితోనే నియమం విరిగిపోతుంది. కొత్త యజమాని కాటేజీ కొన్న మరుక్షణం పాత అతిథుల పత్రాలన్నీ అతని ముందుంటాయి. కోడ్‌లో ఏ పంక్తీ తప్పు కాదు, నియమమే తప్పు. అందుకే ఏ పరీక్షా దీన్ని పట్టుకోదు. ఈ పద్ధతి వెబ్ భద్రతలో ఎంత దూరం వెళ్లగలదో 2010లోనే తెలిసింది. దేవదత్త అఖావే, ఆడమ్ బార్త్, జాన్ మిచెల్, డాన్ సాంగ్ తదితరులు బ్రౌజర్లు, సర్వర్లు, కుకీలు, దారి మళ్లింపులు అన్నిటినీ అల్లాయ్‌లో అమూర్తంగా రాశారు. ఐదు భద్రతా యంత్రాంగాలను పరిశీలించి, అప్పటికే తెలిసిన రెండు లోపాలతో పాటు ఎవరికీ తెలియని మూడు కొత్త లోపాలను బయటపెట్టారు.

మోడల్ సరిగ్గా ఉన్నంత మాత్రాన కోడ్ సరిగ్గా ఉండదు. వారధి మీరే కట్టాలి. మోడల్‌లో ఒక్క అడుగుగా రాసినది కోడ్‌లో ఒక్క ట్రాన్సాక్షన్‌గా, అంటే జరిగితే మొత్తం జరిగే, లేకపోతే ఏదీ జరగని డేటాబేసు పనిగా, జరగాలి, ఇది అన్నిటికన్నా ముఖ్యం. 'గది ఖాళీగా ఉంటే పట్టి ఉంచు' అన్నది మోడల్‌లో ఒకే అడుగు. కోడ్‌లో మీరు ముందు ఖాళీగా ఉందా అని చదివి, తర్వాత రాస్తారు. పోస్ట్‌గ్రెస్ డేటాబేసు మామూలు అమరికలో రెండు ట్రాన్సాక్షన్లు ఒకేసారి చదివి, రెండూ ఖాళీ అనుకుని, రెండూ రాయగలవు. ట్రాన్సాక్షన్ పెట్టాం కదా అన్న ధీమా ఇక్కడ చెల్లదు. పట్టికలో ఒక్కో రాత్రికి ఒక్కో అడ్డువరస పెట్టి, గది, రాత్రి జంట మీద యూనిక్ నిబంధన, అంటే అదే జంట రెండోసారి రాయనివ్వని నిబంధన, విధించండి. అప్పుడు మీ ఒకే ఒక్క వాక్యం డేటాబేసులోనే కావలి కాస్తుంది, కోడ్ ఎవరు ఎలా మార్చినా సరే. చెకర్ చూపిన ప్రతి ఎదురు ఉదాహరణనూ ఒక పరీక్షగా రాసి ఉంచండి. కోడ్‌లో కొత్త సంఘటన చేర్చేవారు ముందు మోడల్‌లో చేర్చాలని నలుగురూ ఒప్పుకోండి, లేకపోతే ఆరు నెలల్లో రెండూ వేరు దారులు పడతాయి.

అన్నిటికీ మోడల్ రాయవద్దు. వెతుకులాట, ధరల లెక్క, ఫొటోల పేజీలు మామూలు పరీక్షలతో నడుస్తాయి. ధర విషయంలో మాత్రం ఒక చిన్న జాగ్రత్త. పండుగ ధర మారే క్షణంలో అతిథి చేతిలో పాత ధర ఉన్న పేజీ ఉండవచ్చు. రూపాయలు అక్కర్లేదు, 'పాత ధర', 'కొత్త ధర' అని రెండు విలువలు పెట్టి, చూపిన ధరే వసూలు చేస్తున్నారా అని చూస్తే చాలు.

మీ వివరణలో ఒక వాక్యం నన్ను ఆపింది. కాటేజీ యజమానులు కొందరు ఫోన్‌లో అడిగినవారికి, నేరుగా గుమ్మం దగ్గరికి వచ్చినవారికి కూడా గదులు ఇస్తారని రాశారు. ఇది మీ మోడల్‌లోకి రావాలి. 'యజమాని ఏ గదినైనా ఏ రాత్రికైనా ఎప్పుడైనా ఇవ్వవచ్చు' అని ఒక సంఘటన చేర్చి నడపండి. పైన కష్టపడి నిలబెట్టిన మొదటి నియమం వెంటనే కూలిపోతుంది, యూనిక్ నిబంధన ఉన్నా సరే, ఎందుకంటే ఆ గది ఇచ్చిన సంగతి మీ డేటాబేసుకు తెలియదు. కోడ్‌తో దీన్ని సరిచేయలేరు. ప్రతి యజమానీ కొన్ని గదులను పూర్తిగా మీ సైటుకే వదిలిపెట్టాలి, లేదా నేరుగా ఇచ్చే గదిని కూడా ముందు సైటులో నమోదు చేశాకే తాళం ఇవ్వాలి, లేదా అతిథికి 'ఖరారు' అని చూపే ముందు యజమాని ఒప్పుకోలు కోసం మీరు ఆగాలి. మూడింటినీ మోడల్‌లో విడివిడిగా పెట్టి నడపండి. మూడో దానిలో యజమాని జవాబు ఇవ్వకపోతే డబ్బు ఎంతసేపు మీ దగ్గర ఉంటుందన్న కొత్త ప్రశ్న పుడుతుంది. రెండో దానికి కొండ మీద నెట్ లేనప్పుడు ఏం చేస్తారన్నది తేల్చాలి. చిన్న కాటేజీలకు నేను మొదటిదే సూచిస్తాను. అయితే ఒప్పుకోవలసింది యజమానులు కాబట్టి, వచ్చే సీజన్ మొదలయ్యేలోగా ఆ ఎదురు ఉదాహరణల కాగితాలు పట్టుకుని అరకు వెళ్లి వారితో కూర్చోండి.